వేడినీళ్లు, చన్నీళ్లు మార్చి మార్చి పెట్టుకునేవాళ్లకు: కాలు కాల్చుకోకుండా చేసుకునే పద్ధతి

మా నాయన కాలు కాలిన రోజు పక్కన ఉన్నది నేనే, నీళ్లు పోసిందీ నేనే. కావలిలో మా ఇంటి వెనక వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టి, ముందు రెండు బకెట్లు పెట్టాను. ఒకదాంట్లో వేడినీళ్లు, ఇంకోదాంట్లో ఐసు వేసిన నీళ్లు. పాదాలు పట్టేస్తున్నాయంటే ఎవరో చెప్పిన వైద్యం ఇది. "కాలుతోందా నాయనా?" అని అడిగితే "వేడే లేదు అబ్బయ్యా, ఇంకాస్త పొయ్యి" అన్నాడు. పోశాను. మళ్లీ అడిగాను, మళ్లీ అదే మాట, ఇంకో చెంబు పోశాను. అమ్మ వంటింట్లోంచి వచ్చి నీళ్లలో చెయ్యి పెట్టి, పెట్టిన చెయ్యి పెట్టినట్టే వెనక్కి లాక్కుని, "వాయమ్మా, ఇవి నీళ్లా నిప్పులా" అని ఆయన కాలు పట్టి బయటికి తీసింది. చీలమండ దాకా గీత గీసినట్టు ఎర్రబడి ఉంది. సాయంత్రానికి బొటనవేలి కింద రూపాయి బిళ్లంత బొబ్బ లేచింది. ఆ బొబ్బ పుండై మానడానికి రెండున్నర నెలలు పట్టింది. ఆయనకు పదిహేనేళ్లుగా షుగరు, పాదాల్లో స్పర్శ ఎప్పుడో పోయింది, అది ఆయనకూ తెలీదు, మాకూ తెలీదు.

అందుకే ఇది రాస్తున్నాను. ఈ పద్ధతి వద్దని చెప్పడం లేదు, షటిల్ ఆడి పిక్కలు పట్టేసినప్పుడు నేను ఇప్పటికీ చేసుకుంటాను. కానీ బకెట్లు తీసే ముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి, వాటినే ఎవరూ చెప్పరు.

ఇది ఎంతవరకు పనిచేస్తుంది

మనవాళ్లకు కాపడం కొత్త కాదు. ఉప్పు మూట, ఇసుక మూట, వావిలాకు కాచిన నీళ్లు, ఇవన్నీ వేడి వైద్యాలే. వేడికి చర్మం కింది రక్తనాళాలు వెడల్పవుతాయి, చల్లదనానికి ముడుచుకుంటాయి, రెండూ మారుస్తూ ఉంటే లోపల పంపు కొట్టినట్టు రక్తం ఆడి వాపు లాగేస్తుందని చెబుతారు. వినడానికి బాగుంటుంది, కానీ కొలిచి చూసినప్పుడు అంత తేలలేదు. 1994లో పిక్కలోకి సన్నని సూది లాంటి పరికరం దింపి, చర్మం కింది కొవ్వు దాటాక 1 సెంటీమీటరు లోతున వేడి కొలిస్తే, పైన నీళ్లు ఎన్నిసార్లు మార్చినా లోపలి కండలో పెద్ద తేడా కనబడలేదు. అంతకుముందే 1988లో చీలమండ బెణికిన 30 మంది మీద మూడో రోజు నుంచి ఐదో రోజు వరకు మూడు పద్ధతులు పోల్చారు. వేడి పెట్టినవాళ్లకూ, వేడి చల్లన మార్చిన వాళ్లకూ వాపు పెరిగింది, ఉత్త చల్లటి నీళ్లు పెట్టినవాళ్లకే తక్కువ.

మరి లాభమే లేదా అంటే, ఉంది. ఆటాడాకో, బరువులు ఎత్తాకో మర్నాడు వచ్చే కండల నొప్పికి ఊరికే కూర్చోవడం కంటే ఇది మేలని 2013లో చాలా అధ్యయనాలను కలిపి చూసినప్పుడు తేలింది. అయితే చన్నీళ్లలో మునగడం లాంటి మిగతా పద్ధతుల కంటే గొప్పదేం కాదు. నొప్పి కాస్త తగ్గుతుంది, బిగుసుకున్నది వదులవుతుంది, అంతవరకే ఆశ పెట్టుకోండి. ఇంత చిన్న లాభం కోసం కాలు కాల్చుకునే ప్రమాదం నెత్తిన పెట్టుకోవడం న్యాయం కాదు.

మొదటి మెట్టు: కాలికి స్పర్శ ఉందో లేదో చూడండి

షుగరు ఉన్నవాళ్లు, అరవై దాటినవాళ్లు, నడుము డిస్కు జారి కాలు తిమ్మిరెక్కేవాళ్లు, పక్షవాతం వచ్చి తేరుకున్నవాళ్లు, మద్యం ఎక్కువగా అలవాటున్నవాళ్లు, వీళ్లందరికీ ఈ పరీక్ష చేయకుండా బకెట్ జోలికి పోవద్దు. డాక్టర్లు నైలాన్ దారం లాంటిదాన్ని పాదానికి ఆనించి చూస్తారు, అది వంగేటప్పటికి పాదం మీద 10 గ్రాముల బరువు పడుతుంది. ఇంట్లో అది లేకపోయినా వేలితో చేసే తేలిక పరీక్ష ఉంది.

మంచం మీద పడుకోబెట్టి కళ్లు మూసుకోమనండి. మీ చూపుడువేలి కొసతో వాళ్ల కాలి వేలి కొసను ఈక ఆనించినట్టు ఒకటి రెండు సెకన్లు తాకండి. నొక్కకూడదు, రుద్దకూడదు, గిల్లకూడదు. రెండు పాదాలకూ బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు, మొత్తం ఆరు చోట్ల. తాకినప్పుడల్లా కుడో ఎడమో చెప్పమనండి. చెప్పకపోతే ఇంకోసారి తాకి సాయం చేయొద్దు, అది తెలియలేదనే లెక్క. ఆరింటిలో రెండో అంతకంటే ఎక్కువో తెలియకపోతే ఆ పాదం వేడిని నమ్మదగ్గట్టు చెప్పలేదు. ఆ మనిషికి వేడినీళ్లు గానీ హాట్ వాటర్ బ్యాగు గానీ ఐసు గానీ పాదాల దగ్గర పెట్టొద్దు, డాక్టరుకు చూపించండి.

మా నాయనకు తర్వాత ఇదే పరీక్ష చేశాను. ఆరింటిలో ఒక్కటే చెప్పాడు. అదీ నేను తాకక ముందే చెప్పాడు.

ఇంకా ఎవరికి వద్దంటే, పిక్కల్లో రక్తం గడ్డకట్టినవాళ్లకు, లేదా అలా ఉందేమోనని అనుమానం ఉన్నవాళ్లకు. ఒక్క పిక్కే ఉబ్బి, వేడిగా ఉండి, నొక్కితే నొప్పి పుడుతుంటే, ముఖ్యంగా ఈమధ్యే ఆపరేషను అయినా, కాన్పు అయినా, రోజుల తరబడి మంచం మీద ఉన్నా, దాన్ని కండపట్టు అనుకుని కాపడం పెట్టకూడదు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. కాళ్లకు రక్తం సరిగా అందనివాళ్లకు వద్దు. కాసేపు నడిస్తే పిక్కలు పట్టేసి నిలబడగానే తగ్గడం, పాదం ఎప్పుడూ చల్లగా పాలిపోయి ఉండడం దానికి గుర్తులు. చల్లదనానికి వేళ్లు తెల్లబడి నీలంగా మారేవాళ్లకు, చన్నీళ్లు తగిలితే దద్దుర్లు లేచేవాళ్లకు ఐసు పనికిరాదు. పుండ్లు, కుట్లు, చీము, జ్వరం ఉన్నప్పుడు వద్దు. గుండె జబ్బు, అదుపులో లేని బీపీ ఉంటే డాక్టరును అడగాలి. గర్భిణులు, ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో, ఒళ్లంతా వేడెక్కేలా వేడినీళ్ల తొట్లో కూర్చోకూడదు. చిన్నపిల్లల చర్మం పల్చన, పెద్దవాళ్లు ఓర్చుకునే వేడికి వాళ్లకు బొబ్బలు లేస్తాయి.

బాలింతల సంగతి ఒక్క మాట. వావిలాకు నీళ్లు పొగలు కక్కుతూ నడుం మీద పోసే అలవాటు మన వైపు ఇంకా ఉంది. సిజేరియన్‌కు మత్తు ఇచ్చాక నడుం కింద స్పర్శ పూర్తిగా తిరిగి రాకముందు వేడి కాపడం పెట్టొద్దు. ఆ తర్వాతైనా కుట్ల మీద పోయొద్దు, నీళ్లు గోరువెచ్చగా ఉంటే చాలు. పెద్దవాళ్లు నొచ్చుకున్నా సరే ఈ మాట చెప్పండి.

రెండో మెట్టు: దెబ్బ తగిలి ఎన్నాళ్లయింది

నేను చేసిన రెండో తప్పు ఇది, ఈసారి నా కాలి మీదే. కొత్తపట్నం బీచ్‌లో వాలీబాల్ ఆడుతూ ఎగిరి దిగితే కాలు మడతపడింది. ఒంగోలు రూముకు వచ్చిన రాత్రే వేడినీళ్లు పెట్టుకున్నాను, హాయిగా అనిపించింది, నిద్ర కూడా పట్టింది. తెల్లారి లేచేసరికి చీలమండ ఎముక కనబడకుండా పూరీలా పొంగి ఉంది.

తాజా దెబ్బకు లోపల చిన్న రక్తనాళాలు తెగి రక్తం ఊరుతూ ఉంటుంది. అప్పుడు వేడి పెడితే ఆ ఊట పెరుగుతుంది. కాబట్టి మొదటి 48 నుంచి 72 గంటలు వేడి మాటే ఎత్తొద్దు. కాలు దిండ్ల మీద ఎత్తిపెట్టుకోవడం, బట్ట చుట్టిన ఐసు ఒక్కోసారి 15 నిమిషాలు, అంతే. ఐసు కూడా మితంగానే. దెబ్బకు విశ్రాంతి, ఐసు, కట్టు, ఎత్తు అనే నాలుగు మాటల సూత్రాన్ని 1978లో రాసిన అమెరికా డాక్టరు గేబ్ మిర్కిన్ స్వయంగా, ఐసు ఎక్కువైతే మానడం ఆలస్యం కావచ్చని తర్వాతి కాలంలో తన మాట సవరించుకున్నాడు. నొప్పి తగ్గడానికి ఐసు మంచిదే, గంటల తరబడి మాత్రం వద్దు. మోకాలి బయటి పక్క ఐసు కట్టి పడుకుంటే అక్కడ చర్మానికి దగ్గరగా పోయే నరం దెబ్బతిని పాదం పైకి లేవని పరిస్థితి కూడా వస్తుంది.

అది బెణుకో, ఎముక విరిగిందో కూడా ముందే తేల్చుకోవాలి. కెనడాలోని ఒట్టావా డాక్టర్లు 1992లో ఇచ్చిన లెక్క ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతుంది. దెబ్బ తగిలిన వెంటనే, మళ్లీ ఆసుపత్రిలో కూడా, రెండుసార్లూ నాలుగు అడుగులు వేయలేకపోయినా, చీలమండకు రెండు పక్కలా ఉండే ఎముక గుబ్బల వెనక అంచు మీద 6 సెంటీమీటర్ల మేర వేలితో నొక్కినప్పుడు ఎముక మీదే నొప్పి పుట్టినా ఎక్స్‌రే తీయించాలి. పాదం మధ్యలో చిటికెనవేలి వైపు ఉబ్బెత్తు ఎముక మీద, లోపలి వైపు ఎముక మీద నొప్పి ఉన్నా అంతే. పుత్తూరు కట్టు కట్టించుకున్నవాళ్లు ఆ కట్టును తడపొద్దు, విప్పి నీళ్లలో పెట్టొద్దు.

మూడో మెట్టు: నీళ్లు కలపడం

ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు, ఎందుకంటే చేత్తో చూసి చాల్లే అనుకుంటారు. కావాల్సింది వేడి వైపు 38 నుంచి 40 డిగ్రీలు, చల్లన వైపు 12 నుంచి 15 డిగ్రీలు. 40 దాటాల్సిన పనే లేదు. నీళ్లు 60 డిగ్రీలు ఉంటే పెద్దవాళ్ల చర్మం కూడా దాదాపు 5 సెకన్లలో కాలుతుంది, చాలా ఇళ్లలో గీజరు నీళ్లు అంత వేడిగానే ఉంటాయి.

థర్మామీటరు తప్పదు. నెల్లూరు వైపు రొయ్యల చెరువుల వాళ్లు నీళ్ల వేడి చూసే గాజు థర్మామీటర్లు వాడతారు, ఆక్వా షాపుల్లో అడగండి. అది దొరక్కపోతే జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరు కొసను మాత్రం నీళ్లలో ముంచి వేడి బకెట్ చూసుకోవచ్చు. అది సుమారు 32 నుంచి 42 వరకే చూపిస్తుంది, కాబట్టి అంకె రాకుండా "హై" అని వచ్చిందంటే ఆ నీళ్లు కాలికి పనికిరావు. పాత పాదరసం థర్మామీటరును వేడినీళ్లలో పెట్టొద్దు, 42 దాటితే పగిలిపోవచ్చు. ఏదీ లేకపోతే, స్పర్శ బాగా ఉన్న మనిషి మోచెయ్యి పెట్టి చూడాలి. వైద్యం చేయించుకునే మనిషి పాదం ఎప్పుడూ కొలత కాకూడదు, మా ఇంట్లో జరిగింది అదే.

పది లీటర్ల బకెట్‌కు లెక్క చెబుతాను. కుళాయి నీళ్లు 30 డిగ్రీలు ఉన్నాయనుకుంటే, ముందు ఎనిమిదిన్నర లీటర్లు అవే పోసి, తర్వాత మరుగుతున్న నీళ్లు సుమారు లీటరున్నర కలిపితే 40 దగ్గరికి వస్తుంది. ఎప్పుడైనా మామూలు నీళ్లు ముందు, మరిగే నీళ్లు తర్వాత. కలిపాక చెంబుతో బాగా తిప్పండి, తిప్పకపోతే పైన వేడి కింద చల్లన ఉండి మోసం చేస్తుంది. కాలు లోపల ఉండగా మరిగే నీళ్లు పోయొద్దు. కాలు బయటికి తీసి, పోసి, తిప్పి, కొలిచి, అప్పుడు పెట్టాలి. రోహిణి కార్తెలో మధ్యాహ్నం మేడ మీద ట్యాంకు నీళ్లు వాటంతట అవే 40 దాటి ఉంటాయి, అప్పుడు పైన చెప్పిన లెక్క పనిచేయదు, కొలిచాకే కలపాలి.

హీటర్ రాడ్డు పెట్టి కాచుకునేవాళ్లు స్విచ్ కట్టేసి, ప్లగ్గు పీకి, రాడ్డు బయటికి తీశాకే నీళ్లు ముట్టుకోండి. వేడి తగ్గిందని కాలు లోపల ఉండగానే రాడ్డు మళ్లీ వేయడమంటే ప్రాణం పోయే పని.

చల్లటి వైపు మన ఊళ్లలో అనుకున్నంత తేలిక కాదు. పది లీటర్ల 30 డిగ్రీల నీళ్లు 15కు దిగాలంటే దాదాపు కిలోన్నర ఐసు కరగాలి. ఫ్రిజ్ ట్రేలో వచ్చే ఐసు పావుకిలో కూడా ఉండదు. అందుకే కొందరు చేపల మార్కెట్ దగ్గర ఐస్ దిమ్మ ముక్క తెచ్చుకుంటారు. ఆ ఐసు చేపలకూ రొయ్యలకూ వేసేది, నేల మీద ఈడ్చేది, కాలికి చిన్న గీరు ఉన్నా క్రిములు లోపలికి పోతాయి. దానికంటే లీటరు బాటిళ్లు రెండో మూడో ముప్పావు వంతు నింపి రాత్రంతా గడ్డకట్టించి, మూత తీయకుండానే బకెట్‌లో అరగంట ముందు వేసుకోండి. శుభ్రంగా ఉంటుంది, మళ్లీ వాడుకోవచ్చు. విడి ఐసు ముక్కలు తేలుతూ ఉంటే మాత్రం ఆ నీళ్లు సున్నాకు దగ్గర్లో ఉండొచ్చు, ముక్కలు తీసేసి కొలవండి.

నాలుగో మెట్టు: కాళ్లు పెట్టడం

నొప్పి బాము, స్ప్రే రాసుకుని ఉంటే సబ్బుతో కడిగేయండి, మంట పుట్టించే బాము మీద వేడి పడితే కాలుతుంది. పక్కన ఒక మనిషి ఉండాలి. గచ్చు తడిస్తే జారుతుంది, బకెట్ల కింద గోనెసంచి పరవండి. ఫోన్‌లో టైమర్ పెట్టండి.

వేడిలో 3 నిమిషాలు, చల్లటి దాంట్లో 1 నిమిషం. ఇలా నాలుగైదు సార్లు, అంతా కలిపి 20 నిమిషాలు దాటకూడదు. నీళ్లలో ఉన్నంతసేపూ వేళ్లు ఆడిస్తూ, మడమ తిప్పుతూ ఉండండి, నా అనుభవంలో సగం మేలు ఈ కదలిక వల్లే. వాపు ఉన్నవాళ్లు చల్లటి నీళ్లతో ముగించాలి, పొద్దున్నే బిగుసుకుపోయే కీళ్లవాళ్లు వేడితో ముగించొచ్చు. కాలు వేలాడదీసి కూర్చుంటే వాపు దిగుతుందనుకోవద్దు, అయ్యాక పావుగంట సేపు కాలు ఎత్తులో పెట్టుకుని పడుకోండి.

ప్రతిసారి కాలు తీసినప్పుడు చర్మం చూడండి. లేత ఎరుపు మామూలే. మచ్చలు మచ్చలుగా ఎరుపు, తెల్లటి లేదా నీలం రంగు, మైనంలా గట్టిపడడం, చురుకు పోయి మొద్దుబారడం, వీటిలో ఏదున్నా ఆపేయండి. తల తిరిగినా, చెమటలు పోసినా, గుండె దడగా ఉన్నా అంతే. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు దిగ్గున లేవకూడదు. వేడికి రక్తనాళాలు సడలి ఉంటాయి, లేచీ లేవగానే రక్తం కాళ్లలోకి దిగి కళ్లు తిరుగుతాయి.

ఒళ్లంతా మునిగే పద్ధతి గురించి

రీల్స్ చూసి డ్రమ్ముల్లో ఐసు నింపుకుని దిగే కుర్రాళ్లు ఒంగోలులోనూ కనబడుతున్నారు. పాదం ముంచడానికీ ఒళ్లంతా ముంచడానికీ చాలా తేడా ఉంది తమ్ముళ్లూ. 15 డిగ్రీల కంటే చల్లటి నీళ్లలో ఒక్కసారిగా దిగితే మన ప్రమేయం లేకుండానే గుక్క పట్టినట్టు గాలి లోపలికి లాగేస్తాం, ఊపిరి ఆగకుండా వేగంగా ఆడుతుంది, బీపీ, గుండె వేగం ఎగబాకుతాయి. మొదటి అర నిమిషంలో ఇది మరీ తీవ్రం, తగ్గడానికి ఒకటి నుంచి మూడు నిమిషాలు పడుతుంది. ఆ గుక్క వచ్చిన క్షణంలో ముఖం నీళ్లలో ఉంటే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అందుకే తల ముంచకూడదు, దూకకూడదు, ఒంటరిగా చేయకూడదు, మందు తాగి అసలు దిగకూడదు. ఎండలో ఆడొచ్చి ఒళ్లు కాలుతుండగా దిగడం, ఆవిరి గదిలోంచి నేరుగా ఐసులోకి దిగడం గుండెకు రెట్టింపు భారం. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా గుండె ఆగి పోయి ఉంటే మీరు గుండె పరీక్ష చేయించుకోకుండా ఈ పని చేయొద్దు. సరదా అయితే కాళ్లు మోకాళ్ల దాకా ముంచుకోండి చాలు.

కాలితే, ఇంకేదైనా జరిగితే

కాలిన చోట 20 నిమిషాలు పారే చల్లటి నీళ్ల కింద పెట్టాలి. ఐసు వద్దు, పేస్టు, పసుపు, సిరా, నెయ్యి ఏవీ వద్దు. మిట్టమధ్యాహ్నం ట్యాంకు నీళ్లు వేడిగా ఉంటే బోరు నీళ్లో, కుండ నీళ్లో చెంబుతో ధారగా పోస్తూ ఉండండి. పట్టీలు, మెట్టెలు వాపు రాకముందే తీసేయండి. బొబ్బ చిదమొద్దు, శుభ్రమైన పల్చని బట్ట కప్పండి. షుగరు ఉన్నవాళ్లకు పాదం మీద ఎంత చిన్న బొబ్బ అయినా అదే రోజు డాక్టరు చూడాలి, నొప్పి లేదు కదా అని ఆగొద్దు, వాళ్లకు నొప్పి తెలియదు. గుండెల్లో నొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం ఉంటే వెంటనే 108కు ఫోన్ చేయండి.

డాక్టరు దగ్గర మాత్రం జరిగింది జరిగినట్టు చెప్పండి. మా నాయనను తీసుకెళ్లినప్పుడు నేను సిగ్గుపడి చెప్పు కరిచిందన్నాను, వాళ్లు చెప్పు పుండుకు ఇచ్చే మందే ఇచ్చి పంపారు. నాలుగో రోజు డ్రెస్సింగ్ మార్చే నర్సమ్మ చీలమండ చుట్టూ ఉన్న ఆ గీత చూసి "వేడినీళ్లలో పెట్టారా?" అని అడిగింది. అప్పుడు చెప్పాను, అప్పుడే వైద్యం మారింది. ఎంతసేపు పెట్టారు, నీళ్లు ఎంత వేడి, ఐసు వాడారా, ఏ మాత్రలు వేసుకుంటున్నారు, దెబ్బ ఏ రోజు తగిలింది, ఈ ఐదూ ఒక చీటీ మీద రాసుకుని తీసుకెళ్లండి.